పాపి నుంచి పసివాడిదాకా: మన తెరమీద వికలాంగుల దాంపత్యం

మన చలనచిత్రాలలో దేవుడికి ఉన్నన్ని పనులు మరెవరికీ లేవు. వాన కురిపించాలి, విషం విరవాలి, వేళకు గుడిగంట మోగించి దుర్మార్గుడి చెయ్యి ఆపాలి. వీటిని గురించి మన విమర్శకులు నవ్వవలసినంతా నవ్వారు. అయితే మన సినిమా దేవుడికి అప్పగించిన పని మరొకటి ఉన్నది. దాన్ని చూసి నవ్వినవారు లేరు, ఆలోచించినవారూ తక్కువే. కాలు లేనివాడో, చూపు లేనివాడో, కుష్ఠురోగో, బుద్ధి ఎదగనివాడో తెరమీద ఒక స్త్రీ పక్కన కూర్చున్నప్పుడు ఆ ఇద్దరి మధ్యా ఏం జరగవచ్చునో, ఏం జరగకూడదో తేల్చే పని అది. పడకగది తలుపు దగ్గర కాపలా అన్నమాట.

ఈ కాపలా ఎక్కడినుంచి వచ్చింది, కాలం గడిచిన కొద్దీ ఎట్లా రూపు మార్చుకున్నది అనేదే నేనిక్కడ పరిశీలించదలచుకున్న విషయం. నేను సినిమా శాస్త్రం చదివినవాణ్ని కాను. తెలుగు సాహిత్యం చదువుకొని, కాలేజీలో దాన్నే చెప్పుకొని బతుకుతున్నవాణ్ని. గనక నా దారి పాత పుస్తకాల మీదుగా పోతుంది. పాఠకులు కొంచెం ఓపిక పట్టాలి.

మార్కండేయ పురాణంలో ఒక కథ ఉన్నది. తిక్కన శిష్యుడు మారన దాన్ని తెలుగు చేశాడు. కౌశికుడనే బ్రాహ్మణుడు కుష్ఠురోగి. భార్య అతని పుండ్లు కడుగుతుంది, అన్నం తినిపిస్తుంది, అతను తిట్టినా పడుతుంది. ఒకనాడు దారిన పోతున్న వేశ్యను చూసి కౌశికుడు మనసు పడ్డాడు. నడవలేడు గనక తనను ఆమె ఇంటికి చేర్చమని భార్యనే అడిగాడు. ఆమె చీకట్లో భర్తను మోసుకొని బయలుదేరింది. దారిలో కొరతమీద ఉన్న మాండవ్య ముని వొంటికి కౌశికుడు తగిలాడు. తెల్లవారేసరికి చచ్చిపొమ్మని ముని శపించాడు. ఆ ఇల్లాలు సూర్యుణ్నే ఉదయించవద్దన్నది. లోకాలు తల్లకిందులైనవి. చివరకు అనసూయ వచ్చి నచ్చజెప్పి, పొద్దు పొడిపించి, చచ్చిన కౌశికుణ్ని రోగం లేని పడుచువాడిగా బతికించింది. ఈ ఇల్లాలే తెలుగువారికి సుమతిగా పరిచయం.

కథ పాతివ్రత్యం నూరిపోయటానికే పుట్టిందనటంలో సందేహం లేదు. భూస్వామ్య సమాజం ఇల్లాలి మెడకు కట్టిన గుదిబండ ఇది. ఆ మాట మన ముందుతరం విమర్శకులు చెప్పే ఉన్నారు, దాన్ని మళ్ళీ దంచను. నా దృష్టి కౌశికుడి మీద ఉన్నది. వేళ్ళు రాలిపోతున్నా, లేచి నడవలేకపోయినా అతనికి కోరిక ఉన్నదని పురాణకారుడు ఒప్పుకున్నాడు. దాన్ని పాపమనే అన్నాడు, అందుకు శిక్ష వేశాడు, అంతా నిజమే. అయినా కోరిక ఉన్నదన్నాడు. ఈ ఒప్పుకోలు ఎంత అరుదైనదో తరవాతి చరిత్ర చూస్తేగాని తెలియదు.

1967లో అంజలీదేవి సుమతిగా వచ్చిన 'సతీ సుమతి'లో గాని, అంతకు పదేళ్ళ ముందు, 1957లో, కమలాకర కామేశ్వరరావు తీసిన 'పాండురంగ మహాత్మ్యం'లో గాని పాపం, శిక్ష, ప్రసాదం అనే మూడు మెట్ల నిచ్చెనే కనిపిస్తుంది. రెండోదాన్నే తీసుకుందాం. ఎన్.టి. రామారావు వేసిన పుండరీకుడు భార్యను వదిలి కళావతి అనే వేశ్య వలలో పడతాడు, తల్లిదండ్రులను నిర్లక్ష్యం చేస్తాడు, చివరకు మునిని తన్నబోయి కాళ్ళు పోగొట్టుకుంటాడు. బుద్ధి వచ్చాక తల్లిదండ్రుల సేవతో కాళ్ళు తిరిగి వస్తాయి. తెనాలి రామకృష్ణుడి కావ్యంలోని పుండరీకుడు మొదటినుంచీ భక్తుడే. ఈ భోగలాలసత, ఈ కాళ్ళు పోవటం సినిమావారు తెచ్చిపెట్టినవి. ఎందుకు తెచ్చిపెట్టారు? ప్రేక్షకుడికి మార్పు కళ్ళకు కట్టాలి. మనసు మారిందని చూపటం కష్టం, కాళ్ళు వచ్చాయని చూపటం తేలిక. హాల్లో కూర్చున్న కాళ్ళులేని మనిషి దీనికేమనుకుంటాడనే ప్రశ్న ఎవరికీ వచ్చినట్టు లేదు. పుండరీకుడికి కాళ్ళు వచ్చినప్పుడు జనమంతా చప్పట్లు కొడతారు. తనకింకా రాలేదంటే తన పాపం తీరలేదనేగా అర్థం?

బిల్వమంగళుడి కథలో ఈ లెక్క ఇంకొక మలుపు తిరుగుతుంది. శవాన్ని దుంగ అనుకొని పట్టుకొని వరదయేరు దాటి, పామును తాడనుకొని గోడ ఎక్కి వేశ్య ఇంటికి చేరినవాడు. ఆమె మాటతోనే విరక్తుడై, తరవాత మరో స్త్రీమీద చూపు పడ్డందుకు తన కళ్ళు తానే పొడుచుకున్నాడని ఐతిహ్యం. కోరికకు శిక్షగా కాదు, కోరికకు మందుగా అంగవైకల్యాన్ని తెచ్చుకున్న మనిషి. కళ్ళు పోయాకే కృష్ణుడు కనిపించాడట. ఈ కథకు మన సినిమాలో ఎంత గిరాకీ ఉన్నదో చూడండి. 1919లో కలకత్తాలో మదన్ సంస్థ 'బిల్వమంగళ్' తీసింది. బెంగాలు తొలి కథాచిత్రంగా చెప్పుకునే దీనిలో మిగిలిన కాస్త ముక్క ఫ్రాన్సులో దొరికింది. 1937లో వై.వి. రావు తీసిన తమిళ 'చింతామణి' మదురైలో ఏడాదికి పైగా ఆడింది. ఆ లాభాలతో అక్కడ అదే పేరున ఒక సినిమా హాలే వెలిసింది. తెలుగులో కాళ్ళకూరి నారాయణరావు నాటకం దారిన 1933లో ఒకటి, 1956లో భానుమతి, రామారావులతో ఒకటి వచ్చినవి. మన ఊళ్ళలో ఆ నాటకాన్ని నిలబెట్టింది భక్తి కాదనీ, సుబ్బిశెట్టి అనీ అందరికీ తెలుసు. ఆ పాత్ర తమ కులాన్ని కించపరుస్తున్నదన్న ఫిర్యాదు మీదనే 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రదర్శనలను నిషేధించింది. నూరేళ్ళు ఆడిన నాటకాన్ని ఆపటం నాకు సమ్మతం కాదు, అది వేరే చర్చ. కాని కోరికను జయించాలంటే కళ్ళు పొడుచుకోవాలన్న కథాబీజం మీద ఎవరూ ఎప్పుడూ ఫిర్యాదు చేయలేదనేది కూడా గుర్తుంచుకోదగినదే. గుడ్డివారికి సంఘం లేదు కాబోలు.

ఇంతవరకూ పౌరాణికాలనూ భక్తి చిత్రాలనూ తిట్టాను. అది మనకు అలవాటైన పనే, సుఖంగానే ఉంటుంది. ఇప్పుడు మన ఇంటి విషయానికి వస్తాను.

1954లో తమిళంలో 'రక్తకన్నీర్' వచ్చింది. రాసిన తిరువారూర్ తంగరాసు, నటించిన ఎం.ఆర్. రాధా ఇద్దరూ పెరియార్ అనుయాయులు, దేవుడు లేడని వేదికలెక్కి చెప్పినవారు. తెలుగులో నాగభూషణం అదే నాటకాన్ని ఊరూరా ఆడి 'రక్తకన్నీరు'ను తన ఇంటిపేరు చేసుకున్నాడు. విదేశాల నుంచి తిరిగివచ్చిన పొగరుబోతు ఒకడు, తల్లిని లెక్కచేయక, భార్యను వదిలి, వేశ్యకు సర్వస్వం ధారపోసి, కుష్ఠురోగిగా వీధిన పడతాడు. చివర తన భార్యను పెళ్ళి చేసుకొమ్మని స్నేహితుణ్ని కోరతాడు. ఆ కాలానికి ఇది చాలా పెద్ద మాట. పెళ్ళి అయిన స్త్రీకి రెండో బతుకు ఉన్నదని జనం చేత చప్పట్లు కొట్టించటం సామాన్యం కాదు, ఆ గౌరవాన్ని నేను తగ్గించను.

కాని ఆ రోగం సంగతి? కుష్ఠుకు కారణం సూక్ష్మజీవి అని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే చూశాడు. అది సంభోగం వల్ల అంటుకునే జబ్బు కాదు. 1940లలోనే సల్ఫోన్ మందులు వచ్చినవి. మన నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ 1915లో మొదలుపెట్టిన ఆసుపత్రిలో రోగులు చికిత్స పొందుతూనే ఉన్నారు. ఇంత తెలిసిన కాలంలో, దేవుణ్ని నమ్మనివారు, కామానికి ఫలితం కుష్ఠు అని రాశారు! శపించే మునిని తీసేశారు, శాపాన్ని ఉంచుకున్నారు. పురాణంలో కౌశికుడికి చివరకు వొళ్ళయినా బాగుపడింది. హేతువాదుల కథలో ఆ పాటి దయ కూడా లేదు. అతను లోకానికి హెచ్చరికగా మిగలాలి, అంతే. విశ్వాసాన్ని ఖండించటం వేరు, విశ్వాసం మన మెదడులో పెట్టి పోయిన సామాను ఖాళీ చెయ్యటం వేరు. రెండోది ఎంత కష్టమో ఈ నాటకం కంటె మంచి సాక్ష్యం నాకు దొరకలేదు.

ఇది తెరమీది మాట మాత్రమే కాదు. ఆ సినిమా వచ్చిన మరుసటి ఏడే, 1955లో, హిందూ వివాహ చట్టం వచ్చింది. ముదిరి నయంకాని కుష్ఠు విడాకులకు కారణంగా దానిలో చోటు చేసుకున్నది. 1980లలో బహుళ ఔషధ చికిత్స వచ్చి జబ్బు పూర్తిగా నయమవుతున్నా ఆ మాట చట్టంలో అట్లాగే కూర్చున్నది. రోగులను బలవంతాన విడిగా ఉంచటానికి తెల్లవారు చేసిన 1898 నాటి చట్టం 2016 దాకా రద్దు కాలేదు. విడాకుల కారణాల్లోనుంచి కుష్ఠును తీసెయ్యటం 2019లో జరిగింది. మిషనరీల ఆశ్రమాల్లో ఆడ, మగ రోగులను వేరువేరు ఆవరణల్లో ఉంచటం ఒకప్పుడు సాధారణ నియమం. సేవ చేసిన చేతులే మధ్యన గోడ కట్టాయి. ముని శాపం, దొర చట్టం, ఫాదరీగారి గోడ, హేతువాది నాటకం ఆ ఒక్క విషయంలో ఏకమైనవి.

పాపి యుగం అక్కడితో తగ్గుముఖం పట్టింది. తరవాత పసివాడి యుగం వచ్చింది. దాని జాడ పాత జానపదాల్లోనే లేకపోలేదు. 1949 నాటి 'గుణసుందరి కథ'లో తండ్రి కోపంతో కూతుర్ని అవిటివాడైన దైవాధీనానికి కట్టబెడతాడు. ఆ పేరు పెట్టిన పింగళి నాగేంద్రరావు చమత్కారం అట్లా ఉంచండి. అతను నిజానికి శాపం తగిలిన రాకుమారుడు గనక పేచీ లేదు. శాపం తీరేదాకా దాంపత్యం మాట ఎత్తనక్కరలేదు, తీరాక అవిటితనమే లేదు.

1986లో వచ్చిన 'స్వాతిముత్యం' దగ్గర శాపమూ లేదు, తీరటమూ లేదు. అందుకే అది పెద్ద మలుపు. కె. విశ్వనాథ్ అదే ఏడు 'సిరివెన్నెల'లో చూపులేని వేణువాదకుణ్నీ, మాటరాని చిత్రకారిణినీ తెచ్చాడు. పదేళ్ళ ముందు 'సిరిసిరిమువ్వ'లో మూగ నర్తకిని తెచ్చాడు. వికలాంగుణ్ని నవ్వులాటకు కాక నాయకస్థానంలో కూర్చోబెట్టిన దర్శకుడు మనకు ఆయన తరవాతే ఎవరైనా. 'స్వాతిముత్యం'లో బుద్ధి పూర్తిగా ఎదగని శివయ్య, బిడ్డతో ఉన్న వితంతువు లలిత మెడలో సీతారామకల్యాణం వేళ గుళ్ళో తాళి కడతాడు. ఆ ఏటి ఆస్కారు పోటీకి మన దేశం పంపిన చిత్రం అదే. ఆ సన్నివేశం చూసి కళ్ళు చెమర్చనివారు అరుదు. నావీ చెమర్చాయి.

కాని కొంచెం ఆగి ఆలోచించండి. కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. నూటఅయిదేళ్ళ తరవాత మన తెరమీద వితంతువు మెడలో తాళి పడాలంటే, తాను చేస్తున్నదేమిటో తెలియనివాడి చెయ్యి కావలసి వచ్చింది! తెలిసినవాడు చేస్తే అది తిరుగుబాటు అవుతుంది, గుడి మెట్లమీద తగాదా అవుతుంది. తెలియనివాడు చేస్తే రాముడి ఆజ్ఞ అవుతుంది. శివయ్య అమాయకత్వం ఇక్కడ పాత్ర స్వభావం మాత్రమే కాదు, కథకు రక్షణ కవచం. ఆ కవచానికి చెల్లించిన మూల్యం శివయ్య కోరిక. భార్యాభర్తల దగ్గరితనం విషయంలో తొలి అడుగు లలితే వెయ్యాలి, అతనికి తెలియదు. పాపంగానైనా కౌశికుడికి దక్కింది శివయ్యకు దక్కలేదు. ఈ మాటతో విశ్వనాథ్ అభిమానులకు కోపం రావచ్చు; నేనూ అభిమానినే.

నిజానికి ఈ ఆలోచన నాది కాదు, మా అక్కది. అక్కకు మూడో ఏట పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడింది. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. అక్క అంతకు చాలా ముందు పుట్టింది, చేసేదేముంది! నాకు పదేళ్ళప్పుడు ఇంట్లో అందరం టీవీలో ఆ సినిమా చూస్తున్నాము. తాళి కట్టగానే అమ్మ దణ్ణం పెట్టుకున్నది. అక్క మాత్రం, "ఆ ఇద్దర్నీ ఎవరన్నా అడిగార్రా?" అన్నది. అమ్మ కసిరింది. అక్కకప్పుడు పదిహేనేళ్ళు.

ఆ తరవాత సంబంధాలు చూశారు. అమ్మ అక్క పెళ్ళి కోసం తిరుమల మోకాళ్ళ పర్వతం మోకాళ్ళతో ఎక్కింది. ఒక పెళ్ళిళ్ళ పేరయ్య నలభై అయిదేళ్ళ రెండో పెళ్ళివాణ్ని తెచ్చి, "కాలు చూసి కూడా సరేనన్నాడంటే దేవుడే పంపాడనుకోండమ్మా" అన్నాడు. ఇంకొకాయన, అమ్మాయికి భక్తి ఎక్కువ గదా, ఏ ఆశ్రమంలోనైనా సేవకు పెట్టండి, పుణ్యమూ పురుషార్థమూనని సలహా ఇచ్చాడు. అక్కకు భక్తి ఎక్కువని ఆయనకెవరు చెప్పారో నాకిప్పటికీ తెలియదు. కాలు సన్నగా ఉంటే భక్తి లావుగా ఉంటుందని సినిమాలు చూసి నేర్చుకొని ఉంటాడు. సదరం సర్టిఫికెట్లో అక్క కాలికి ఇంత శాతమని అంకె వేశారు. ఆ మిగిలిన శాతాల్లో ఏముందో అడిగినవాడు లేడు. 2015 చివర వికలాంగులను దివ్యాంగులనాలని దేశ ప్రధాని చెప్పినప్పుడు అక్క నవ్వి, "కాలు పోయి దివ్యత్వం వచ్చిందా, నాకు కాలే కావాలి" అన్నది.

ఇదంతా మన దేశపు వెనుకబాటుతనం అనుకొని సరిపెట్టుకోవటానికి వీల్లేదు. 1996లో డెన్మార్కు దర్శకుడు లార్స్ ఫాన్ ట్రయర్ తీసిన 'బ్రేకింగ్ ది వేవ్స్' ఆ ఏడు కాన్ చిత్రోత్సవంలో గ్రాండ్ ప్రీ పొందింది. స్కాట్లండులో కరడుగట్టిన ప్రొటెస్టెంటు పల్లె. కొత్తగా పెళ్ళయిన బెస్ దేవుడితో మాట్లాడుతుంది, ఆయన జవాబు కూడా తన గొంతుతో తానే చెప్పుకుంటుంది. చమురుబావి ప్రమాదంలో భర్త మెడకింద కదలిక లేకుండా పడిపోతాడు. పరాయి మగవాళ్ళతో గడిపి వచ్చి ఆ సంగతులు తనకు చెప్పమంటాడు. తన బలితో భర్త బతుకుతాడని నమ్మి ఆమె ఆ దారిన పోయి చచ్చిపోతుంది. భర్త లేచి నడుస్తాడు, ఆకాశంలో గంటలు మోగుతాయి. నేను నిర్ఘాంతపోయాను. ఇది మన సుమతి కథ! మోసుకుపోవటం ఒక్కటి మారింది. అక్కడా మగవాడి కదలని శరీరానికి స్త్రీ శరీరం కట్నం, నడుమ దళారి దేవుడు. గొప్ప చిత్రమే, కాదనను. మంచం మీది భర్తకు కోరిక ఉన్నదని ధైర్యంగా ఒప్పుకున్నది. ఆ కోరికకు ఏ దారి ఉన్నదో వెదకక, అద్భుతంతో లేపి నిలబెట్టింది. పుండరీకుడికి కాళ్ళు వచ్చినట్టే.

అద్భుతం లేకుండా తియ్యలేరా అంటే తీశారు. 1980లో వచ్చిన సాయి పరాంజపే 'స్పర్శ్' ఉన్నది. ఢిల్లీ అంధుల పాఠశాల ప్రిన్సిపాలుగా నసీరుద్దీన్ షా, వితంతువుగా షబానా ఆజ్మీ. స్వాతిముత్యంలోలాగే ఇక్కడా ఒక వితంతువు, ఒక వికలాంగుడు. గుడి లేదు, అమాయకత్వం లేదు. అతనికి కోపం, అభిమానం, అనుమానం అన్నీ ఉన్నాయి. ఆమె ప్రేమలో జాలి పాలెంతో అని అతను తూకం వేస్తూ, అయిన నిశ్చితార్థాన్ని చెడగొట్టుకుంటాడు. ఇద్దరు పెద్దమనుషుల మధ్య జరగవలసిన తగాదా అది. 2014లో శొనాలీ బోస్ 'మార్గరీటా విత్ ఎ స్ట్రా'లో సెరిబ్రల్ పాల్సీ ఉన్న లైలా అబ్బాయినీ ప్రేమిస్తుంది, అమ్మాయినీ ప్రేమిస్తుంది, తప్పులు చేస్తుంది, తల్లితో పోట్లాడుతుంది. ఆ తల్లి వేషం మన రేవతిది. ఈ రెండూ తీసింది స్త్రీలే కావటం యాదృచ్ఛికమని నేననుకోను. తెలుగులో ఇట్లాంటిది నాకు కనబడలేదు. 2016 నాటి 'ఊపిరి'లో చక్రాల కుర్చీలో నాయకుడున్నాడు, హుందాగానే ఉన్నాడు, కాని కోటీశ్వరుడు. దేవుడు చేసే పని అక్కడ డబ్బు చేస్తుంది. 2024 జులైలో సుప్రీంకోర్టు సినిమాల్లో వికలాంగులను కించపరిచే హాస్యం గురించి చక్కని తీర్పు ఇచ్చింది. హేళనను కోర్టు ఆపగలదు. నాయకుడికి కోరిక పెట్టమని ఏ కోర్టు రచయితకు చెబుతుంది?

అక్క తన ఆఫీసులోనే పనిచేసే ఆయన్ను ఇష్టపడి చేసుకున్నది. బంధువులందరూ బావను దేవుడులాంటి మనిషి అంటారు. ఆ మాట వచ్చినప్పుడల్లా అక్క మొహం మాడ్చుకుంటుంది. "నేనూ ఆయన్ను చేసుకున్నాను గదా, చెవులు పేలిపోయేట్టు గురకపెట్టే మనిషిని. నన్నెవరూ దేవతనరేం?" అంటుంది. ఈ వ్యాసం కోసం కిందటి సంక్రాంతి సెలవుల్లో వాళ్ళింట్లో కూర్చొని 'స్పర్శ్' మళ్ళీ చూశాను. బావ సగంలోనే నిద్రపోయాడు. అక్క చివరిదాకా చూసింది. బాగుందా అని అడిగితే వెంటనే జవాబు చెప్పలేదు. మర్నాడు పొద్దున కాఫీ ఇస్తూ, "ఆ ప్రిన్సిపాలుకు పొగరెక్కువరా, నేనైతే రెండు చివాట్లు పెట్టి అప్పుడు చేసుకునేదాన్ని" అన్నది.